సంజ్ఞాన శాస్త్రం: నారపల్లి దారిలో మనసు

మనసు ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నను ఏ ఒక్క శాస్త్రానికో వదిలేయకుండా మనస్తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, నాడీశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం తలా ఒక చెయ్యి వేసి పట్టుకునే అధ్యయనమే కాగ్నిటివ్ సైన్స్. తెలుగులో సంజ్ఞాన శాస్త్రం, సంజ్ఞానాత్మక శాస్త్రం అనే పేర్లు పుస్తకాల్లో కనిపిస్తాయి గానీ జనం నోట ఇంకా నానలేదు. చూడటం, వినడం, గుర్తుపెట్టుకోవడం, మరిచిపోవడం, మాట్లాడటం, దారి పట్టుకోవడం, ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి.

పేరు కొత్తదైనా దినుసు మనకు కొత్త కాదు. తెలుగువాడు మనసును ఒక్క ముద్దగా చూడడు. పనిలో నిలవాల్సింది ధ్యాస. పోయేది మతి. ఉండాల్సింది బుద్ధి. వచ్చేది గుర్తు. కలిగేది ఎరుక. శాస్త్రవేత్తలు అవధానం, స్మృతి, చైతన్యం అని విడివిడి అధ్యాయాలు రాసుకోకముందే వాడుక ఈ విభజన చేసి పెట్టింది. ‘పేరు నాలుక మీదే ఆడుతోంది, బయటికి రావడం లేదు’ అంటాం కదా, ఆ స్థితిని 1966లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ ప్రయోగశాలలో పరీక్షించారు. మాట గుర్తురాని మనిషి కూడా దాని మొదటి అక్షరమేదో, అందులో పలుకులెన్నో చాలాసార్లు సరిగ్గానే చెప్పగలడని తేలింది. అంటే మాట అర్థం ఒకచోట, దాని ధ్వని మరోచోట ఉంటాయి. రెంటినీ కలిపే దారం కాసేపు తెగుతుందంతే.

నారపల్లి బస్సులో

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి దాటాక నారపల్లి వస్తుంది. అక్కడ పొద్దున్నే బస్సెక్కిన ఒక అవ్వను ఊహించుకుందాం. బడి మొహం చూడలేదు. ఇంట్లో తెలుగు. ‘రింగ్ రోడ్డు కాడ దింపు బిడ్డా’ అని కండక్టర్‌తో అంటుంది. పక్క సీటులో బురఖా వేసుకున్న ఆవిడతో హైదరాబాదీ ఉర్దూలో మోకాళ్ల నొప్పుల గురించి మాట కలుపుతుంది. రింగ్ రోడ్డు నుంచి నాచారం పారిశ్రామికవాడకు చేరి, ఉత్తరాది నుంచి వచ్చిన కూలీలకు టిఫిన్ అమ్మేటప్పుడు హిందీలో బేరం సాగిస్తుంది. ‘నీకెన్ని భాషలొచ్చు?’ అని ఎవరైనా అడిగితే మాత్రం, ‘సదువు రాదు బిడ్డా, నాకేం భాషలొస్తయి’ అంటుంది.

మనసును చదివే శాస్త్రాలన్నీ ఈ అవ్వ చుట్టూ కూర్చోవచ్చు. తెలుగులో నుంచి ఉర్దూలోకి దూకిన క్షణంలో మొదటి భాషను ఆపి ఉంచింది మెదడులో ఏ భాగమని నాడీశాస్త్రజ్ఞుడు అడుగుతాడు. రెండు భాషల వ్యాకరణాలు ఒకే తలలో కలగాపులగం కాకుండా ఎలా ఉంటున్నాయన్నది భాషావేత్త ప్రశ్న. బేరమాడే తెలివి బడి చదువు కొలతలకు ఎందుకు అందదో మానవశాస్త్రజ్ఞుడికి కావాలి. ఇదంతా యంత్రానికి నేర్పాలంటే ముందుగా ఏం చెప్పాలని కంప్యూటర్ వాడు తల పట్టుకుంటాడు. ‘నాకు భాషలు రావు’ అనే ఆమె నమ్మకానికీ, ఆమెకు నిజంగా తెలిసిన దానికీ ఉన్న దూరం ఏమిటన్నది తత్వవేత్తకు కావలసినంత పని. ఒక్కరి దగ్గర మొత్తం సమాధానం లేదు.

పుట్టిన రోజున్న శాస్త్రం

శాస్త్రాలకు పుట్టిన రోజులుండవు. దీనికి మాత్రం ఉందని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ అనేవాడు. అది 1956 సెప్టెంబర్ 11. ఆ రోజు అమెరికాలో ఎం.ఐ.టి.లో సమాచార సిద్ధాంతం మీద జరుగుతున్న సదస్సులో అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ తర్క సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రామ్ గురించి చెప్పారు. నోమ్ చామ్‌స్కీ అనే యువకుడు భాషను గణితంలా వర్ణించాడు. మనిషి ఒక్కసారిగా పట్టి ఉంచుకోగలిగే అంశాలు ఏడుకు అటూ ఇటూగా ఉంటాయని మిల్లర్ చెప్పాడు. వీళ్లంతా ఒకే వస్తువును మూడు వైపుల నుంచి తడుముతున్నారని ఆ రోజు తనకు అనిపించిందని మిల్లర్ తర్వాత రాసుకున్నాడు.

అంతకు ముందు నాలుగు దశాబ్దాలు అమెరికా మనస్తత్వశాస్త్రాన్ని ప్రవర్తనావాదం ఏలింది. బయటికి కనిపించే ప్రవర్తనే శాస్త్రం, లోపల ఏముందో మాట్లాడటం కబుర్లు అనేది దాని పట్టు. 1959లో ప్రవర్తనావాది స్కిన్నర్ భాషా పుస్తకం మీద చామ్‌స్కీ రాసిన సమీక్ష ఆ పట్టును చాలావరకు సడలించింది. పిల్లలు విన్న వాక్యాలనే తిరిగి చెప్పరు, ఎన్నడూ విననివి కూడా పుట్టిస్తారన్నది ఆయన వాదనలో కీలకం. 1973లో క్రిస్టఫర్ లాంగెట్-హిగ్గిన్స్ ‘కాగ్నిటివ్ సైన్స్’ అనే పేరు పెట్టాడు. ఆ పేరుతోనే 1977లో పత్రిక, 1979లో సంఘం వచ్చాయి. ఆరు శాస్త్రాలను షడ్భుజి మూలల్లో పెట్టి గీతలు కలిపిన బొమ్మ 1978లో స్లోన్ ఫౌండేషన్ నివేదికతో ప్రసిద్ధమైంది. నేటికీ చాలా పాఠ్యపుస్తకాల్లో అదే బొమ్మ.

మిల్లర్ ఏడు ఇప్పుడు నాలుగుకు దగ్గరైంది. 2001లో నెల్సన్ కోవన్ పాత ప్రయోగాలన్నీ తిరగేసి, గుంపులుగా చేసుకునే వీలు లేకపోతే మనిషి పట్టి ఉంచగలిగేది నాలుగు అంశాలేనని వాదించాడు. గుంపు చేసుకోవడంలోనే మన తెలివంతా ఉంది. పది అంకెల ఫోన్ నంబర్‌ను ఎవరూ పది అంకెలుగా చెప్పరు. రెండేసి, మూడేసి ముక్కలు చేస్తారు. అచ్చ తెలుగులో మాట్లాడుతున్నవాళ్లు కూడా నంబర్ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్‌లోకి దిగుతారు. అదే మనిషి కూరగాయల బండి దగ్గర ‘పావుకిలో పదిహేను’ అని తెలుగులోనే లెక్క కడతాడు. ఒకే తలలో రెండు భాషల అంకెలు రెండు పనులను పంచుకున్నాయి.

మనసును ఏ మెట్టు మీద నిలబడి చూస్తున్నామో ముందే తేల్చుకోవాలన్నది డేవిడ్ మార్ నేర్పిన పాఠం. ఆయన చనిపోయాక 1982లో వెలువడిన ‘విజన్’ పుస్తకంలో ఇది ఉంది. బస్సు కండక్టర్ చిల్లర ఇవ్వడమే తీసుకోండి. ఎంత తిరిగివ్వాలన్నది ఒక మెట్టు. వందలోంచి తీసివేశాడా, ఛార్జీ నుంచి వందదాకా పైకి లెక్కబెట్టుకుంటూ పోయాడా అన్నది రెండో మెట్టు. ఆ పని జరిగింది తలలోనా, వేళ్ల మీదా, టికెట్ యంత్రంలోనా అన్నది మూడో మెట్టు. ఈ మెట్లు కలిపేసి కొట్టుకునే వాదనలు ఈ రంగంలో సగం ఉంటాయి. కంప్యూటర్‌కు నిజంగా అర్థమవుతుందా అనే నేటి గొడవ కూడా వాటిలో ఒకటి.

నల్లబల్ల

ఈ చరిత్రలో ఒక తెలుగువాడు నడిమధ్యన ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డిని ప్రపంచం రాజ్ రెడ్డి అంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేట్ పూర్తిచేసి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మాటను గుర్తుపట్టే యంత్రాల మీద పనిచేశాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలక మండలికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నాడు.

1970లలో ఆయన బృందం తయారుచేసిన హియర్‌సే వ్యవస్థల్లోని ఆలోచన ఇక్కడ కొంచెం ఆగి చూడదగింది. మనిషి మాటను అర్థం చేసుకోవడానికి ధ్వని, పలుకు, పదం, వాక్యం, అర్థం అన్నీ తెలియాలి. ఒకటి తేల్చాక మరొకటి అనే వరసలో పోతే పని కాదు. ఎందుకంటే ధ్వని సరిగ్గా వినబడకపోయినా అర్థాన్ని బట్టి మాటను పట్టుకుంటాం. బస్సు హారన్‌లో ‘ఉ..ల్’ అని వినబడినా ‘ఉప్పల్’ అని తెలిసిపోతుంది. హియర్‌సేలో ఒక్కో స్థాయి జ్ఞానమూ వేరే నిపుణుడిలాంటిది. అందరి ముందూ ఒకే నల్లబల్ల. ఎవరికి తోచిన ఊహ వారు బల్ల మీద రాస్తారు. ఇంకొకరు దాన్ని చూసి బలపరుస్తారు, లేదా కొట్టేస్తారు. అలా అందరి ఊహలూ సర్దుకుని వాక్యం తేలుతుంది. నా దృష్టిలో స్లోన్ వారి షడ్భుజి కన్నా ఈ నల్లబల్లే సంజ్ఞాన శాస్త్రానికి సరైన బొమ్మ. షడ్భుజిలో ఎవరి మూలలో వారు కూర్చుంటారు. నల్లబల్ల దగ్గరికి లేచి రావాల్సిందే.

షడ్భుజి నిలబడలేదని చెప్పినవారూ ఉన్నారు. 2019లో రఫాయెల్ నూన్యెస్, ఆయన సహచరులు ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో ఈ రంగం లెక్క తీశారు. ఆరు శాస్త్రాలు కలిసి ఒకటవుతాయన్న ఆశ తీరలేదని, మనస్తత్వశాస్త్రమే మిగతావాటిని మింగేసిందని తేల్చారు. మానవశాస్త్రం దాదాపు బయటే ఉండిపోయింది. విభాగాల జాబితా చూస్తే ఆ మాట నిజమే. కానీ ఒక్కరి వల్ల తేలని ప్రశ్న ఎదురైన చోట మాత్రం వేర్వేరు శాస్త్రాలవారు కలిసిన సందర్భాలున్నాయి. అలాంటిదొకటి హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది.

నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్

నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, అంటే నిమ్స్‌లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి మతిమరుపు వ్యాధుల క్లినిక్ నడిపేవారు. అక్కడికొచ్చే పెద్దవాళ్లలో తెలుగు ఒక్కటే మాట్లాడేవారూ, తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ కలగలిపి మాట్లాడేవారూ ఉండేవారు. ఆ సరికి కెనడాలో మనస్తత్వవేత్త ఎలెన్ బియాలిస్టాక్ ఒక సంగతి బయటపెట్టింది. 2007లో టొరంటోలో 184 మంది రోగుల వివరాలు చూస్తే, రెండు భాషలవాళ్లకు డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, నాలుగేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని కనిపించింది. దానికి అభ్యంతరం వెంటనే వచ్చింది. అక్కడి ద్విభాషులు ఎక్కువగా వలస వచ్చినవారు. దేశం దాటి వచ్చేవారు మొదటి నుంచీ ఆరోగ్యంగా ఉండి ఉండవచ్చు. చదువు, జీవనశైలి వేరై ఉండవచ్చు. ఫలితం భాషదా, వలసదా?

టొరంటోలో ఆ ముడి విప్పడం కష్టం. హైదరాబాద్‌లో అది అప్పటికే విడివడి ఉంది. ఇక్కడ రెండో భాష రావాలంటే విమానం ఎక్కక్కర్లేదు, బడికి పోనక్కర్లేదు. పక్కింటివారు, సంత, బస్సు నేర్పేస్తాయి. సువర్ణ అల్లాడి ఈ ప్రశ్నను ఒంటరిగా పట్టుకోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర విభాగపు వసంత దుగ్గిరాల, కంప్యూటర్ శాస్త్రవేత్త బాపిరాజు సూరంపూడి, నిమ్స్‌కు చెందిన సుభాష్ కౌల్, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్ తదితరులు ఆ బృందంలో ఉన్నారు. వైద్యం, భాష, కంప్యూటర్ ఒకే నల్లబల్ల మీద రాసిన సందర్భమిది.

వారి వ్యాసం 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చింది. డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు పరిశీలించారు. వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలవారు. ఒకే భాషవారికి వ్యాధి లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, ద్విభాషులకు 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. తేడా నాలుగున్నర ఏళ్లు. చదువు, వృత్తి, పల్లె, పట్నం లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలబడింది. చదువురానివారిని మాత్రమే విడిగా చూస్తే తేడా ఆరేళ్లకు పెరిగింది. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనబడలేదు. నారపల్లి బస్సులోని మన అవ్వ ఈ లెక్కలో నిండుగా ద్విభాషి. ఎందుకంటే బృందం ద్విభాషిత్వాన్ని పరీక్ష మార్కులతో కొలవలేదు. బహుభాషా సమాజాలను చదివిన అజిత్ మొహంతి నిర్వచనాన్ని తీసుకుంది. దాని సారం ఏమిటంటే, తన రోజువారీ అవసరాలూ చుట్టూ ఉన్న సమాజపు అవసరాలూ రెండు భాషల్లో తీర్చుకోగలిగితే చాలు.

2016లో అదే క్లినిక్ వారు ‘స్ట్రోక్’ పత్రికలో పక్షవాతం వచ్చిన 608 మంది గురించి రాశారు. పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పోవడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. ఈ చివరి వాక్యం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. లాభం భాషది కాదు, భాషలు మార్చుకునేటప్పుడు రోజూ వాడే అదుపుదన్న ఊహకు అది దగ్గరగా ఉంది. మాట్లాడే ప్రతిసారీ ఒక భాషను ఆపి మరొకదాన్ని వదలాలి. జీవితాంతం చేసే ఆ పనే మెదడుకు దన్నుగా నిలిచిందేమో.

ఇక్కడితో కేసు ముగిసిందనుకోకూడదు. ద్విభాషిత్వం అవధానాన్ని పెంచుతుందన్న మాటను 2013 నుంచే కెనెత్ పాప్ వంటివారు ప్రశ్నించారు. ఆరోగ్యవంతులైన యువకుల మీద ప్రయోగాలు చేసినప్పుడు లాభం ఒకచోట కనబడుతుంది, మరోచోట మాయమవుతుంది. క్లినిక్‌కు రాగలిగినవారే లెక్కలోకి వస్తారన్న చిక్కూ ఉంది. ఇంట్లో మతి తప్పిన పెద్దాయనను ‘వయసు మీద పడింది’ అని వదిలేసే కుటుంబాలు ఏ పట్టికలోనూ ఉండవు. ‘రెండు భాషలు నేర్చుకుంటే మతిమరుపు రాదు’ అని దీన్ని చదువుకోకూడదు. వ్యాసం చెప్పింది అది కాదు. వ్యాధి ఆలస్యంగా కనబడుతుందని మాత్రమే చెప్పింది.

ఉప్పల్ రోడ్డు మీద

తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ మధ్య ఉన్న కొద్ది కిలోమీటర్లు ఈ శాస్త్రపు ముడిసరుకుతో నిండి ఉన్నాయి. మెట్రో నీలం లైన్‌లో తార్నాక స్టేషన్‌లో దిగితే ఉస్మానియా. అక్కడి భాషాశాస్త్ర విభాగాన్ని 1962లో నిలబెట్టినవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఒంగోలులో 1928లో పుట్టి 2012లో కన్నుమూసిన ఆయనను ద్రావిడ భాషల చరిత్రకారుడిగానే ఎక్కువమంది గుర్తుంచుకుంటారు. అదే 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసిన వ్యవసాయ వృత్తిపదకోశం కూడా ఆయనదే. నాగలి భాగాలకు ఏ ఊళ్లో ఏమంటారో తిరిగి తిరిగి సేకరించిన ఆ పని మనుషులు తమ ప్రపంచాన్ని ఎలా కోసి, పేర్లు పెట్టుకుంటారో చూపించే మానవశాస్త్రం కూడా. నాగలి చూడని తలలోకి ఆ మాటలు ఎలా వస్తాయి?

ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకునే ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధనకు పుట్టిన ఆ సంస్థలో కె.ఎ. జయశీలన్, ఆర్. అమృతవల్లి దక్షిణాది భాషల వాక్యనిర్మాణం మీద చామ్‌స్కీ మార్గంలో పనిచేశారు. ఇంకా ముందుకొస్తే సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. 1977లో ప్రారంభమైన ఆ సంస్థ మనసును కణం మెట్టు మీద నిలబడి చూసేవారికి దగ్గర. ఊరికి పడమటి అంచున, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం ఉంది. అక్కడి రమేశ్ కుమార్ మిశ్రా పాల్గొన్న ఒక పరిశోధన 2017లో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో వచ్చింది. లక్నో దగ్గర పల్లెల్లో చదువురాని పెద్దవాళ్లకు ఆరు నెలలు దేవనాగరి నేర్పి మెదడు స్కాన్ చేస్తే, చూపును నడిపే లోతైన భాగాల్లో సైతం మార్పు కనిపించింది. ముప్పై ఏళ్లు దాటాక పలక పట్టినా మెదడు మారుతుంది.

తెలుగు చదవడానికి ఒక వింత లక్షణముంది. ఇంగ్లిష్ పిల్లవాడు విడి ధ్వనులకు విడి గుర్తులు నేర్చుకుంటే, మన పిల్లవాడు ‘కి’ని ఒకే ముద్దగా చూస్తాడు. లోపల క్, ఇ ఉన్నాయని గుణింతం దిద్దాక గానీ తెలియదు. పద్ధతులన్నీ ఇంగ్లిష్ నుంచి తెచ్చుకుంటే ఈ తేడా పట్టుబడదు. వాక్యం విషయమూ అంతే. ‘అవ్వ నాచారంలో కూరగాయలను కొన్నది’ అన్నా, ‘కూరగాయలను నాచారంలో కొన్నది అవ్వ’ అన్నా ఎవరు ఏం కొన్నారో ప్రత్యయాలే చెబుతాయి. ఈ సంగతి పాణిని కారక సిద్ధాంతంలో ఉందని పట్టుకుని వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ అక్షర భారతి పేరుతో 1995లో పాణినీయ దృష్టితో కంప్యూటర్ భాషాశాస్త్రం రాశారు. అనుసారక అనే అనువాద యంత్రం అందులోంచే వచ్చి హైదరాబాద్‌లో పెరిగింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జి. ఉమామహేశ్వరరావు తెలుగు పదాలను విడదీసే ప్రోగ్రామ్‌లు తయారుచేశారు. నేటి పెద్ద భాషా నమూనాలు వ్యాకరణాన్ని పక్కనపెట్టి, పోగుచేసిన రాతల రాశి మీద నడుస్తున్నాయి. తెలుగులో ఆ రాశి పలచన కాబట్టి అవి గెలిచాయనడం తొందరపాటు.

మన పాత శాస్త్రాల్లోనే అన్నీ ఉన్నాయనే ధోరణికి నేను దూరం. అయినా తెలుగువాడిగా పేరున్న 17వ శతాబ్దపు అన్నంభట్టును తలవకుండా పోలేను. తర్కం చదివే పిల్లలకు మొదటి పుస్తకమైన ‘తర్కసంగ్రహం’లో ఆయన మనస్సును సుఖదుఃఖాలు తెలుసుకునే ఇంద్రియమని, అది అణువంతదని చెప్పాడు. అణువంతది ఎందుకు? ఒకే క్షణంలో రెండు జ్ఞానాలు కలగవన్న న్యాయశాస్త్రపు పాత పరిశీలన నుంచి. 1958లో డోనాల్డ్ బ్రాడ్‌బెంట్ అవధానానికి ఒక సన్నని గొంతుక ఉందని ప్రయోగాలతో చూపాడు. ఇద్దరూ ఒకటే చెప్పారనలేం. ఒకరిది తర్కం, మరొకరిది కొలత. కానీ ఇద్దరినీ కదిపింది ఒకే ఇబ్బంది.

విశాఖపట్నంలో కథ వేరే దారిన పోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు, అమెరికాలో జె.బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చి, 1960ల చివర్లో అతీంద్రియ శక్తులను పరీక్షించే పరామనోవిజ్ఞానానికి చోటు కల్పించాడు. ఆ ఫలితాలను ప్రధాన స్రవంతి శాస్త్రం అంగీకరించలేదు. చైతన్యం అంటే ఏమిటన్న ప్రశ్నను యోగ, వేదాంత, బౌద్ధ మార్గాలతో కలిపి 2021లో చనిపోయేదాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు.

స్తంభాల మధ్య

మెదడులో దారుల పటం ఉందని ఎడ్వర్డ్ టోల్మన్ 1948లో ఎలుకలను చూసి ఊహించాడు. ఎలుక ఒక చోటికి రాగానే వెలిగే కణాలను 1971లో జాన్ ఓకీఫ్ మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో కనుగొన్నాడు. 2005లో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ దంపతులు పక్కనే ఉన్న ఎంటోరైనల్ భాగంలో నేలను గళ్లుగా కొలిచే కణాలను చూపారు. ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. తలలోని పటం సగమే. మిగతా సగం బయట ఉంటుందని ఎడ్విన్ హచిన్స్ 1995లో ఓడ నడిపే నావికులను చూసి రాశాడు. తెలివి మనిషిలో మాత్రమే కాదు, పటంలో, పరికరంలో, తోటివాళ్లలో పంచుకుని ఉంటుంది.

హైదరాబాద్‌లో దీనికి రుజువు కావాలంటే అడ్రస్ అడిగితే చాలు. ఎక్స్‌ప్రెస్‌వేలు, మెట్రో వచ్చాక ‘ఫలానా నంబర్ పిల్లర్ ఎదురుగా’ అనేది చిరునామా అయింది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎత్తైన వంతెన పని 2018లో మొదలైంది. ఏళ్ల తరబడి సాగిన ఆ పనిలో పాత గుర్తులు కొన్ని పోయాయి, కొన్ని స్తంభాల వెనక దాక్కున్నాయి. మామూలు మనిషి కొన్నాళ్లలో కొత్త పటం గీసుకుంటాడు. ఆల్జీమర్స్ అనే మతిమరుపు వ్యాధి మొట్టమొదట దెబ్బతీసే చోట్లలో మాత్రం ఆ ఎంటోరైనల్ భాగం ఒకటి. అందుకే క్లినిక్‌కు తీసుకొచ్చిన కొడుకునో కోడలినో వైద్యులు పేర్లు మరిచిపోతున్నారా అని అడిగి ఊరుకోరు. రోజూ నడిచే దారిలో, ఇంటికి నాలుగడుగుల దూరంలో, ఎటు తిరగాలో తెలియక నిలబడిపోయారా అని కూడా అడుగుతారు.